సగము వ్రాసిన పద్దు

చిల్లర వర్తకులకు లెక్కల సాఫ్ట్‌వేరు సమకూర్చుట నా వృత్తి; ఆ వృత్తియందు నాకు తొలిపాఠము చెప్పినది తెనాలిలోని యొక కిరాణా కొట్టు. మూడు మాసములు శ్రమించి సిద్ధపరచిన బిల్లింగు పద్ధతిని అచ్చట నెలకొల్పి, సాయంసమయమున బేరము ముమ్మరముగా సాగుచుండగా, నేను గల్లాపెట్టె ప్రక్కన నిలిచి చూచుచుంటిని. ఒక బాలిక వచ్చి, "20 రూపాయల కందిపప్పు ఇవ్వండి" అనెను. నా యంత్రము మొదట సరకు పేరడిగినది, పిదప తూకమడిగినది. కిలో 160 రూపాయలు పలుకు పప్పు 20 రూపాయలకు 125 గ్రాములు వచ్చునని కొట్టు యజమాని శెట్టిగారి చేతికే తెలియును. కాని ఆ సంఖ్యను మనసులో గుణించి మీటలపై నొక్కవలసిన అగత్యము నలువది యేండ్ల వ్యాపారమున ఆయన కెన్నడును కలుగలేదు. మన వీధులలో దినకూలిపై బ్రతుకు వారు సరకును తూకము చెప్పి కొనరు, చేతనున్న డబ్బు చెప్పి కొందురు. చిన్ననాటినుండి నేను చూచుచున్న విషయమే యిది. అయినను సరకు, తూకము, ధర, మొత్తము అని వరుసగా గడులు గీచుకొన్న దినమున ఇది నా స్మరణకు రాలేదు.

అంతకంటె గాఢమైన లోపము అరువు పద్దునందు బయటపడినది. ఒక బాలుడు నూనె పొట్లమును సబ్బును చేతబట్టుకొని, "మా నాన్న రాత్రికొచ్చి చెప్తాడండీ" అని పరుగెత్తెను. పూర్తి పేరు, ఫోను నెంబరు, సొమ్ము, గడువు తేదీ నింపినగాని నా తెర ముందునకు కదలదు. వెనుక నలుగురు నిలిచియున్నారు. శెట్టిగారు తెరను మెల్లగా ప్రక్కకు త్రిప్పి, గల్లాపెట్టె క్రిందినుండి పొడవాటి పుస్తకమును తీసి, "మేడింటి చిన్నాడు, నూనె, సబ్బు" అని వ్రాసి, సొమ్ము వేయవలసిన చోటు ఖాళీగా విడిచిరి. రాత్రి కొట్టు కట్టునపుడు ఆయన నాతో అన్నమాట నేటికిని నా చెవులలో నున్నది: "బాబూ, మీ మిషను అడిగినవన్నీ చెప్పాకగాని రాసుకోదు. నా పుస్తకం నేనెంత చెప్తే అంత రాసుకుంటుంది. మిగతాది ఎప్పుడు చెప్పినా వింటుంది."

ఆ మాట విన్న పిదపనే, మన వర్తకుల పూర్వపద్ధతిలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకము లేల యుండెనో నాకు బోధపడినది. జరిగినది జరిగినట్లు కాలక్రమమున చిట్టా కెక్కును. తీరిక దొరకినపుడు గుమాస్తా దానిని విడదీసి, ఎవరి పద్దు వారిక్రింద ఆవర్జాలో చేర్చును. ఆ రెంటినడుమ గల వ్యవధిలోనే మరచిన ధర జ్ఞప్తికి వచ్చును, ఇంటిపెద్ద వచ్చి లెక్క చెప్పును, తప్పు దిద్దబడును. ఆ వ్యవధిని వృథా కాలముగా నెంచి, రెండు పుస్తకములను ఒక్క తెరలో నిమిడ్చి, నేను దానిని అభివృద్ధి యనుకొంటిని.

పనియొక్క నడక నెరిగి చేసిన సాధనములు మన దేశమున లేకపోలేదు. మిల్లులకు ముడిసరకులు, యంత్రభాగములు సరఫరా చేయు వ్యాపారి శ్యాంసుందర్ గోయెంకా, తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేరు దొరకక, గణితము చదివిన కుమారుడు భరత్ గోయెంకాచేత వ్రాయించినదే, 1986లో బెంగళూరున పుట్టి, తరువాత టాలీ యని ప్రసిద్ధి కెక్కినది. ఖాతాకొక సంకేతసంఖ్య కంఠస్థము చేయనక్కరలేక, వర్తకుడు పిలుచు పేరుతోనే పద్దు వ్రాసికొనగలుగుట దాని విశేషము. యూపీఐ 2016లో వచ్చినది. కాని చిల్లరకొట్టులో దానికి నిజమైన నోరు వచ్చుట 2019లో పేటీఎం సౌండ్‌బాక్సును ప్రవేశపెట్టిన పిదపనే యని నా అభిప్రాయము. చేతులకు పిండి, నూనె అంటియున్న మనుష్యుడు ఫోను తీసి చూడజాలడు. పైగా ఆ ఫోను యజమాని జేబులో ఇంటనుండును, కొట్టులో కుఱ్ఱవాడుండును. తన సిమ్ముతో తానే పనిచేయుచు, వచ్చిన సొమ్మును తెలుగున బిగ్గరగా చెప్పు ఆ చిన్నపెట్టె, వర్తకుని కన్నులను చేతులను అతని పనికే విడిచిపెట్టినది. దానిని రూపొందించిన వారెవరో గల్లాపెట్టె ప్రక్కన చాలసేపు నిలిచియుందురని నేను నమ్ముదును.

నేను నా పద్ధతిని మరల వ్రాసితిని. ఇప్పుడు మొదట డబ్బు చెప్పినను, మొదట తూకము చెప్పినను అది గ్రహించును. పేరుమాత్రమే వ్రాసి విడిచిన పద్దును స్వీకరించి, రాత్రి కొట్టు కట్టువేళ ఖాళీలను వరుసగా చూపును. ఐనను ఒక్కటి మిగిలినది. ముప్పది దినములు మీరిన బాకీదారునకు దానంతట అదే సందేశము పోవు ఏర్పాటును నేను గొప్ప సౌకర్యముగా భావించితిని. శెట్టిగారు ఒకనాడు ఫోను చేసి, "వాళ్ళింట్లో పిల్ల పెళ్ళి పెట్టుకున్నారు బాబూ. ఇప్పుడు బాకీ అని మెసేజి పోతే రేపు వాళ్ళు నా కొట్టు ముందునుంచి ఎట్లా నడుస్తారు?" అని అడిగిరి. ఆనాడే దానిని తీసివేసి, ప్రతి పేరు ప్రక్కన ఒక మీట నుంచితిని. సందేశము పంపుటయు మానుటయు ఇక ఆయన యిష్టము.

ఆ మీట నొక్కకయే రెండు మాసములు గడచినవి. పెండ్లి ముగిసిన వారమునకు ఆ యింటివారే వచ్చి, సగము చెల్లించి, మిగిలినది మినుములు అమ్మిన పిదప ఇత్తుమనిరి. శెట్టిగారు ఆ సగమును జమ వేసి, గడువు గడిని ఖాళీగా విడిచిరి. తెర ఏమియు అడుగలేదు.