మిస్ట్: ఇద్దరు అన్నదమ్ముల గదులు

మిస్ట్ అనే కంప్యూటర్ ఆటని నేను రెండుసార్లు పూర్తి చేశాను. మొదటిసారి 2004 వేసవిలో, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నప్పుడు, సూర్యాపేటలో ఒక నెట్ సెంటర్‌లో. రెండోసారి పోయిన ఏడాది హైదరాబాద్‌లో, రాత్రిళ్ళు మా పాప నిద్రపోయాక. మొదటిసారి మూడు రోజులు పట్టింది, రెండోసారి ఏడు వారాలు. తెలివి తగ్గి ఆలస్యం కాలేదు. మొదటిసారి నేను ఆ ఆట ఆడనేలేదని రెండోసారి తెలిసింది. అదెలాగో చెప్పాలని ఈ వ్యాసం.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆట సంగతి. మిస్ట్ 1993 సెప్టెంబరులో వచ్చింది. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అమెరికన్ అన్నదమ్ములు తమ సయాన్ సంస్థలో కొద్దిమందితో కలిసి తయారుచేశారు. మొదట మెకింటాష్ కోసం, హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టారు. ఒక్కో దృశ్యం ఒక్కో కదలని బొమ్మ. అలాంటివి సుమారు 2,500. ఎటు క్లిక్ చేస్తే అటువైపు బొమ్మ వస్తుంది, అంతే. 60 లక్షల కాపీల పైన అమ్ముడుపోయింది. 2002లో ద సిమ్స్ దాటిపోయేదాకా పీసీ ఆటల్లో అమ్మకాల రికార్డు దీనిదే. విచిత్రం ఏంటంటే, ఇందులో శత్రువు లేడు, చావు లేదు, స్కోరు లేదు, గడియారం లేదు. సంచీలో వేసుకుని తిరగడానికి వస్తువులు కూడా లేవు.

మనం ఒక దీవి మీద తేలతాం. మనుషులెవరూ ఉండరు. ఒక లైబ్రరీ ఉంటుంది, అందులో పుస్తకాలు చాలావరకు కాలిపోయి ఉంటాయి. ఒక ఎర్ర పుస్తకం, ఒక నీలం పుస్తకం మాత్రం విడిగా ఉంటాయి. ఎర్రదాంట్లో సిర్రస్, నీలందాంట్లో అకెనార్ బందీలు. ఇద్దరూ అన్నదమ్ములే. పేజీలు చిరిగిపోయాయి కాబట్టి వాళ్ళ మాటలు గరగరమంటూ ముక్కలుముక్కలుగా వినిపిస్తాయి. తండ్రి ఆట్రస్ పుస్తకాలు రాస్తాడు. అతను రాసిన పుస్తకం మీద చెయ్యిపెడితే అందులో వర్ణించిన లోకానికి పోతాం. అలాంటి లోకాలు నాలుగు తిరిగి, పోయిన ఎర్ర పేజీలో నీలం పేజీలో తెచ్చి పుస్తకంలో పెట్టాలి. ఒక్కో పేజీ పెట్టినప్పుడల్లా మాట కొంచెం స్పష్టమవుతుంది. సిర్రస్ అంటాడు, తప్పంతా అకెనార్‌ది, నన్ను విడిపించు అని. అకెనార్ అంటాడు, తప్పంతా సిర్రస్‌ది, వాణ్ణి నమ్మకు అని.

2004లో ఇదేదీ నాకు పట్టలేదు. మా మేనబావ హైదరాబాద్ నుంచి తెచ్చిన కాపీ సీడీ అది. నెట్ సెంటర్‌లో గంటకి 15 రూపాయలు. నా దగ్గరున్నవి 200. మొదటి గంటంతా దీవి చుట్టూ తిరిగి, మీటలు అటూ ఇటూ వేసి, ఏం జరగక, డబ్బులు దండగవుతున్నాయన్న కంగారులో నెట్‌లో వాక్‌త్రూ వెతికి ప్రింట్ తీసుకున్నా. పేజీకి 2 రూపాయలు. ఇక అక్కణ్ణుంచి ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో మౌసు. ఏ గడియారంలో ఎంత టైము పెట్టాలి, ఏ మీట ఎన్నిసార్లు లాగాలి, అన్నీ దాంట్లో ఉన్నాయి. మూడోరోజు ఆట అయిపోయింది. చుట్టూ కౌంటర్‌స్ట్రైక్ ఆడుతున్న దోస్తులతో "గిది ఉత్త బొమ్మల పుస్తకంరా" అన్నాను.

నా మాట పూర్తిగా తప్పేం కాదు. బొమ్మల పుస్తకమే. కాకపోతే నేను దాన్ని చదవలేదు.

ఈ ఆటలో ఒక విశేషం ఉంది. చివరి రహస్యం మొదటి నుంచీ మన కళ్ళముందే ఉంటుంది. దీవిలో ఉన్న మార్కర్ స్విచ్‌లన్నీ పైకి వేసి, రేవు దగ్గరున్నది ఒక్కటీ కిందికి వేస్తే అక్కడ దాచిన తెల్ల పేజీ దొరుకుతుంది. లైబ్రరీలో పొయ్యిగూటి లోపల సరైన గళ్ళు నొక్కితే ఆట్రస్ ఉన్న ఆకుపచ్చ పుస్తకం దొరుకుతుంది. ఈ రెండూ తెలిసినవాడు నాలుగు లోకాలకీ పోకుండా పది నిమిషాల్లో ఆట ముగించొచ్చు. ఏ తలుపూ అతన్ని ఆపదు. అంటే ఈ ఆటలో తాళాలు వేసింది తలుపులకి కాదు, మనకి తెలియనితనానికి. మనం ఒక లోకం నుంచి ఇంకో లోకానికి మోసుకుపోయేది ఒక కాగితం ముక్క, మిగతాదంతా తెలుసుకున్నదే. మామూలు ఆటకి వాక్‌త్రూ సాయం. ఈ ఆటకి వాక్‌త్రూ అంటే ఆటనే తీసేసి చేతిలో ఉత్త డబ్బా పెట్టడం.

రెండోసారి కాగితం లేకుండా మొదలుపెట్టా. పాప పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో బొమ్మలు గీసుకుంటూ ఆడాను. సెలెనిటిక్ అనే లోకంలో భూమి కింద పట్టాల మీద నడిచే ఒక బండి ఉంటుంది. చీకటి, ప్రతి మలుపులో ఒక శబ్దం. తొమ్మిది రాత్రులు అక్కడే తిరిగాను. ఆ శబ్దాలు అంతకుముందు ఇంకో లోకంలో, తిరిగే కోటని ఏ దిక్కుకి తిప్పితే ఏ చప్పుడు వస్తుందో అక్కడ విన్నవే. తూర్పుకో చప్పుడు, పడమరకో చప్పుడు. అది గుర్తొచ్చిన రాత్రి లేచి వంటింట్లోకి పోయి నీళ్ళు తాగి వచ్చా, అంత సంతోషం. ఆఫీసులో రోజూ ఎర్రర్ మెసేజీని కాపీ చేసి సెర్చ్‌లో పెట్టి, దొరికిన జవాబు అతికించే పని నాది. తొమ్మిది రోజులు ఒక విషయం తెలియకుండా ఉండటం నాకు అలవాటు తప్పింది.

అయితే నెమ్మదిగా ఆడితే దొరికే అసలు సంగతి ఈ సంతోషం కాదు. మీటలు, గేర్లు, పియానో స్వరాలు పైపై లెక్కలే. వీటికి జవాబు ఒక్కటే, ఎవరైనా చెప్పొచ్చు. వాటి కింద ఇంకో ప్రశ్న ఉంది. ఈ ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? దీనికి కోడ్ లేదు. ఉన్నవల్లా గదులు. సెలెనిటిక్ తప్ప మిగతా లోకాల్లో అన్నదమ్ములిద్దరికీ చెరొక గది ఉంటుంది. సిర్రస్ గది పట్టుపరుపులతో, నగిషీలతో నీటుగా ఉంటుంది. గోడ వెనక రహస్యపు గదిలోకి పోతే దోచుకొచ్చిన బంగారం. అకెనార్ గదిలో గులాబీ బొమ్మ ఒకటి ఉంటుంది, చూస్తుండగానే పుర్రెగా మారుతుంది. అతని రహస్యపు గదిలో విషం, హింసించే సామాన్లు. ఆట్రస్ డైరీల్లో ఆ లోకాల మనుషుల గురించి ప్రేమగా రాసి ఉంటుంది. మనం పోయేసరికి ఒక్కరూ ఉండరు. ఈ ఆటలోని ఏకాంతాన్ని చాలామంది ప్రశాంతత అని మెచ్చుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నా. గదులన్నీ చూశాక ఆ మాట అనలేం. ఇక్కడ మనుషులు లేకపోవడం అలంకారం కాదు, సాక్ష్యం.

చందమామ చదివి పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. బేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగేది గేర్ల లెక్కలు కాదు, తప్పెవరిది, ఎవరు గొప్ప అని. చిక్కంతా తీర్పులో ఉంటుంది. తేడా ఏంటంటే బేతాళుడు కథంతా వరసగా చెప్పి మరీ అడుగుతాడు. మిస్ట్‌లో కథ చెప్పేవాడు లేడు, సామాన్లున్నాయి. నా ప్రింట్ కాగితం ఏం చేసిందంటే, మీటల జవాబులతో పాటు ఈ తీర్పు కూడా ఒక లైన్లో చెప్పేసింది: ఇద్దరూ చెడ్డవాళ్ళే, ఎవరి చివరి పేజీ పెట్టినా వాళ్ళ చోట నువ్వు ఇరుక్కుంటావు. దాంతో గదులు చూడాల్సిన పనే లేకపోయింది. పేజీ తీసుకున్నా, బయటికొచ్చా.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు, నేనీ ఆటని ఇంత పట్టుకోవడానికి కారణం అదే. మా నాయిన, చిన్నాయిన మిర్యాలగూడలో కలిసి వడ్ల కమీషన్ వ్యాపారం చేసేవాళ్ళు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, ఊరి చుట్టూ రైస్‌మిల్లులు, వ్యాపారం బాగానే నడిచేది. నేను సిన్నగున్నప్పుడే విడిపోయారు. నాయిన సూర్యాపేట వచ్చి విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు. "నా పైసలు ఎగ్గొట్టిండు" అని నాయిన. "అన్న అప్పులన్నీ నా నెత్తిన పెట్టి పోయిండు" అని చిన్నాయిన. ఇద్దరివీ ముక్కలు ముక్కలుగా విన్నవే. తీర్పు మాత్రం ఇంట్లో తయారుగా దొరికింది, అదే నా వాక్‌త్రూ. నాలుగేళ్ళు కోదాడలో ఇంజనీరింగ్ చదివాను. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ ఎంత దూరం? ఒక్కసారి పోలేదు.

చిన్నాయిన పోయాక, పోయిన ఏడాది చిన్నమ్మ ఫోన్ చేసింది, భూమి కాగితాలు చూసిపెట్టమని. అప్పటికి నేను ఆటలో సగంలో ఉన్నా. వెళ్ళాను. "ఆయన గది గట్లనే ఉంచిన బిడ్డా" అంది. బీరువాలో కాగితాలతో పాటు ఎర్ర అట్టల ఖాతా పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఒక్కో ఏడాది పుస్తకంలో చివర, ఇయ్యాల్సిన పద్దుల కింద, 'అన్న' అని ఒక పద్దు. అదే మొత్తం, కొట్టివేత లేకుండా, ఏటేటా కొత్త పుస్తకంలోకి ఎక్కించాడు. ఆఖరి పుస్తకం దాకా. దీన్ని ఎలా చదవాలి? ఇయ్యాలని తెలిసీ ఇరవై ఏళ్ళు ఇయ్యలేదని చదవొచ్చు. ఇరవై ఏళ్ళు మర్చిపోలేదని కూడా చదవొచ్చు. ఆ గదిలో ఇంకేం లేదు. ఒక మంచం, టేబుల్ ఫ్యాను, గోడకి నాయిన చిన్నాయిన ఇద్దరూ ఉన్న పాత ఫోటో.

తిరిగొచ్చి మళ్ళీ మిస్ట్‌లో కూర్చుంటే, దాని లోపం ఏంటో అప్పుడు కనిపించింది. ఈ ఆటలో గదులు మరీ గట్టిగా మాట్లాడతాయి. పుర్రె, విషం, బంగారం. ఇంత చూశాక ఎవడైనా తీర్పు చెప్పగలడు. విడిగా చూడమని అంత ఓపిక నేర్పిన ఆట, చూసినదాన్ని అనుమానించాల్సిన అవసరం పెట్టలేదు. ఇంకా పెద్ద లోపం ఆట్రస్. కొడుకుల గదులు సోదా చేయించిన ఆట, తండ్రిని మాత్రం అతను రాసుకున్న డైరీల నుంచే చూపిస్తుంది. ఆ లోకాల్లోకి కొడుకుల్ని వదిలిందెవరు, ఇంత జరుగుతుంటే చూసుకోనిదెవరు అని అడగదు. తెల్ల పేజీ ఇచ్చాక మనం లైబ్రరీకి తిరిగొస్తే ఎర్ర పుస్తకం, నీలం పుస్తకం ఉన్నచోట కాలిన మరకలుంటాయి. విచారణ మనం చేశాం, శిక్ష ఆయన వేశాడు. తర్వాత మనల్ని ఇష్టమొచ్చినట్టు తిరగమంటాడు. ఆ ఖాళీ దీవిలో ఇంక చేసేదేం ఉండదు. 1997లో వచ్చిన రివెన్‌లో అదే అన్నదమ్ములు ఈ విషయంలో చాలా ముందుకు పోయారు. అక్కడ పీడించేవాడూ ఉన్నాడు, పీడితులూ కళ్ళముందే భయపడి దాక్కుంటారు. అయినా అడుగు వేసింది మిస్టే.

కొత్తగా ఆడాలనుకునేవాళ్ళకి ఒక మాట. 2021లో కంప్యూటర్లకి వచ్చిన కొత్త రూపంలో చిక్కుల జవాబులు మారిపోయేలా ఎంచుకునే వీలు పెట్టారు. అలా ఎంచుకుంటే పాత వాక్‌త్రూల్లోని నంబర్లు పనిచెయ్యవు. మంచి పనే. కానీ అన్నదమ్ముల మీద తీర్పు మాత్రం మారదు, ఎక్కడ వెతికినా ఒక లైన్లో దొరుకుతుంది. దాన్ని చదవకండి. ఒక నోటుబుక్కు తీసుకోండి, గదుల్లో ఎక్కువసేపు ఉండండి.

ఖాతా పుస్తకంలో ఆ పేజీలు ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాను. దసరాకి సూర్యాపేట పోయినప్పుడు నాయినకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని, పెద్దది చేసి చూపించమని, ఒక్కో ఏడాదీ చదివాడు. "వాని చేతిరాతే" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.