పెంబర్తి రేకుకు వెన్నుదన్ను

ఉలి దెబ్బ పడ్డప్పుడు రేకు కదలకూడదు. పెంబర్తి పనితనమంతా ముందు ఈ ఒక్క షరతు మీద నిలబడి ఉంది. మకర తోరణంలో మొసలి నోరు, ధ్వజస్తంభం తొడుగు మీద పాకిన తీగలు, ద్వారపాలకుడి మెడలో హారం చూసి చేతిని మెచ్చుకుంటాం, ఉలిని మెచ్చుకుంటాం. రేకు కింద పోసిన లక్క ఊసు ఎవరూ ఎత్తరు. నన్నడిగితే పెంబర్తి గొప్పతనం అక్కడి నుంచే చెప్పుకు రావాలి.

ఊరు చాలామందికి తెలిసిందే. హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్లే దారిలో, జనగామకు కాస్త ముందు వస్తుంది. కాకతీయుల కాలంలో గుళ్లకూ రథాలకూ రేకు తొడిగిన విశ్వకర్మల వారసులమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నిజాముల హయాంలో పాన్‌దాన్లు, అత్తరు బరిణెలు చేశారు. పెంబర్తి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పనివాళ్లు లక్క అంటారు గానీ అది ఒట్టి లక్క కాదు. గుగ్గిలం కరిగించి, జల్లించిన ఇటుక పొడి కలిపి, కాస్త నూనె పోసి కలియబెడతారు. పట్టు గుగ్గిలానిది. దెబ్బకు ఓర్చే గట్టిదనం ఇటుక పొడిది. పెళుసుగా పగిలిపోకుండా కాచేది నూనె. ఎండాకాలం పొడి పాలు పెంచుతారు, చలికాలం నూనె పాలు పెంచుతారు. బెల్లం పాకం పట్టే ఇల్లాలికి పదును తెలిసినట్టే వాళ్లకూ చూపుతోనే తెలుస్తుంది. కొలతలు రాసిపెట్టుకున్న కాగితం ఏదీ ఉండదు.

ఇక రేకు సంగతి. చుట్టగా వచ్చిన ఇత్తడి రేకు ఏనాడూ చదునుగా ఉండదు. ఒక మూల లేచి ఉంటుంది, నడుమ ఉబ్బి ఉంటుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది, కానీ కొత్తగా ఇంకోచోట వంకరపోతుంది. ఉలి దెబ్బలు పడ్డచోట లోహం సాగి మళ్లీ లేస్తుంది. పని మొదట్లో ఒకసారి సరిచేసి ఊరుకుంటే సరిపోదన్నమాట, పూర్తయ్యేదాకా వంకర పుడుతూనే ఉంటుంది. వేడి లక్క దీనికి విరుగుడు. రేకు ఏ తీరున వంగి ఉంటే ఆ తీరునే దాని కిందికి పారుతుంది. ఉబ్బు దగ్గర ఎక్కువ చేరుతుంది, పల్లం దగ్గర పక్కకు తప్పుకుంటుంది. గట్టిపడేసరికి రేకులో ఆసరా లేని చోటంటూ మిగలదు.

రేకును లక్క మీద వేయడం చూసి తీరాలి. వెచ్చబెట్టిన రేకును ఒక అంచు ముందు ఆనించి నెమ్మదిగా వాలుస్తారు, గాలంతా రెండో అంచు నుంచి బయటికి పోవాలి. అంచులు కొద్దిగా మడిచి లక్కలోకి దిగనిస్తారు. చల్లారాక పెద్దాయన వేలి కణుపుతో రేకంతా తట్టుకుంటూ వస్తాడు. లక్క పట్టిన చోట మొద్దు చప్పుడు వస్తుంది, గాలి చిక్కిన చోట రేకు ఖంగుమంటుంది. ఒక పనిశాలలో మూడడుగుల పలక మీద నా చెవికి ఏ తేడా తెలియని చోట ఆయన ఆగి, రూపాయి బిళ్లంత సున్నా చుట్టి, రేకు ఎత్తించాడు. సరిగ్గా ఆ సున్నా కిందే లక్కలో బుడగ గుంట ఉంది. అది చూడకుండా ఉలి పెట్టి ఉంటే అక్కడ రేకు చిరిగేది. ఎన్ని పరికరాలు ఆ చెవికి సాటి వస్తాయి?

ముందు వైపు బొమ్మ గీతలన్నీ ఉలితో దించుతారు. వేడి తగిలించి రేకు ఊడదీసి, తిరగేసి, వెనక నుంచి మొద్దు ఉలులతో బొమ్మను పైకి లేపుతారు. లేచిన చోటల్లా వెనక గుంటలు పడతాయి కదా, వాటి నిండా మళ్లీ లక్క పోసి, రేకు తిప్పి, కనుబొమలూ పెదవులూ దిద్దుతారు. దెబ్బలకు ఇత్తడి బిగుసుకుంటే మళ్లీ కొలిమి, మళ్లీ లక్క. 24 గేజి రేకు మందం అర మిల్లీమీటరుకు కాస్త పైన. అంత పలచని దానిలోంచి ముక్కు కొస దగ్గర చిల్లి పడకుండా సింహం మొహాన్ని లేపుతారు! తంజావూరు పళ్లేలు చూశాను, మొరాదాబాదు చెక్కుళ్లు చూశాను. అందమైనవే. రేకును ఎత్తు లేపే పనిలో మాత్రం పెంబర్తి పక్కన వేరే ఊరిని నిలబెట్టడానికి నాకు మనసొప్పదు.

ఈ తెలివి మనకొక్కరికే దొరికిందనడం లేదు. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే జర్మన్ ప్రాంతపు సన్యాసి లోహపు పనుల మీద రాసిన పుస్తకంలో ఇటుక పొడి, కీలు, కొంచెం మైనం కలిపి కరిగించమన్నాడు. కాకతీయులు ఓరుగల్లు ఏలుతున్న శతాబ్దమే అది. ఎక్కడివాళ్లక్కడే, ఎవరికి వాళ్లే అదే దారి పట్టారు.

ఇప్పుడు కొందరు కుర్రవాళ్లు సీఎన్‌సీ రూటరు మీద ఇత్తడి కోస్తున్నారు. జాలీలకూ అక్షరాలకూ అది పనికొస్తుంది, కాదనను. అక్కడా మొదటి తలనొప్పి వంకర రేకుతోనే. మామూలు బిట్టు మెలిక పైకి ఉంటుంది కనుక రజనుతో పాటు రేకునూ పైకి లాగుతుంది. అంచుల్లో క్లాంపులు బిగిస్తే నడుమ ఎగురుతుంది. వాక్యూమ్ బల్ల మీద గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువుతో నొక్కగలదు, అయితే రేకు బల్లకు అంటుకుని ఉండాలి. ఉబ్బు కింద గాలి దూరిందంటే పట్టు పోయినట్టే. అందుకని కింద బోర్డుకు మరలు బిగిస్తారు, రెండు వైపులా అంటుకునే టేపు వేస్తారు, మెలిక కిందికి ఉన్న బిట్టు వాడతారు, కోసిన ముక్క ఎగిరిపోకుండా అక్కడక్కడ సన్నని బంధాలు వదులుతారు. గీతలు చెక్కాలంటే మరీ కష్టం. లోతు 0.2 మిల్లీమీటర్లు పెట్టారనుకోండి. రేకు మిల్లీమీటరు లేచిన చోట బిట్టు దాన్ని చీల్చుకుపోతుంది, పల్లంలో అసలు తగలదు. యంత్రానికి రేకు చదునుగా ఉండి తీరాలి. లక్కకు ఆ పట్టింపు లేదు.

నా కోపం యంత్రం మీద కాదు, అచ్చుల్లో నొక్కిన పలచని రేకును పెంబర్తి పేరుతో అంటగట్టేవాళ్ల మీద. 32 గేజి రేకు పావు మిల్లీమీటరుకు ఏ కాస్తో ఎక్కువ. బొటనవేలితో నొక్కితే దేవుడి బుగ్గ సొట్టపోతుంది. వందల తోరణాల్లో అదే సింహం, అదే వంకర నవ్వు. దాని వెనక లక్క లేదు, కొలిమి లేదు, తట్టి విన్న చెవి లేదు. అది మోసం, మరో మాట లేదు. తక్కువ ధర చెప్పినవాడికే పని అప్పగించే పద్ధతి ఈ మోసానికి తలుపు తీసి పెట్టింది. నెలల తరబడి ఉలి పట్టినవాడూ పూటకు పది పలకలు నొక్కినవాడూ చదరపు అడుగు లెక్కన పోటీ పడితే ఎవరు గెలుస్తారో చెప్పాలా? ఓడినవాడి కొడుకు ఉలి ఎందుకు పడతాడు?

తొడుగు పని చేయించే ఆలయ కమిటీల పెద్దలకు నా విన్నపం ఇది. ఒప్పందంలో రేకు గేజి రాయించండి, చేతిపని అని స్పష్టంగా రాయించండి. బిగించక ముందు పలకను తిప్పి వెనక వైపు చూడండి. చేతిపనిలో ఒక ఉలి మచ్చకూ మరోదానికీ పోలిక ఉండదు, మూలల్లో లక్క మరక కూడా మిగిలి ఉండవచ్చు. అచ్చు పనికి వెనకంతా ఒకే నునుపు. ఇత్తడి కొనడానికి సొమ్ము ముందే చేతికివ్వండి. బ్రహ్మోత్సవాలు దగ్గర పడ్డాక పరుగెత్తుకు వెళ్లకండి, ఏడాది ముందే పని ఒప్పజెప్పండి.