చిట్టా పుస్తకం నుంచి కథల పుస్తకానికి

మన సాహిత్య సభల్లో ఒక తరహా రచయిత తరచుగా ఎదురవుతున్నాడు. ముప్ఫై ఏళ్లు బట్టల దుకాణమో, పల్లికాయల అడ్తి వ్యాపారమో, విత్తనాల వ్యాపారమో నడిపినవాడు. యాభయ్యో పడిలో గల్లాపెట్టె తాళంచెవి కొడుకు చేతికిచ్చి, తాను కలం పట్టినవాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతంలో తెలుగు పాఠం చెప్పుకునే నాబోటివాడికి ఇలాంటివారి రాతప్రతులు చూడవలసిన పని అప్పుడప్పుడు పడుతుంది. ఆ పుస్తకాలను అభ్యుదయ విమర్శకుడు ఏ దృష్టితో చదవాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

మన దగ్గర సిద్ధంగా వున్న జవాబులు రెండు. ఒకటి, “డబ్బున్నవాడి సరదా, దీనికి విమర్శ ఎందుకు?” అని పక్కన పడేయటం. రెండోది, శాలువా కప్పించుకుని నాలుగు మంచి మాటలు చెప్పి రావటం. ఈ రెండింటిలోనూ సౌకర్యం ఒక్కటే: పుస్తకం చదవనక్కర లేదు. మొదటి జవాబు వర్గదృక్పథంలాగా కనిపిస్తుంది గాని, నిజానికి అది బద్ధకం. ఒక మనిషి ఏ వర్గంలో పుట్టి పెరిగాడో తెలుసుకోవటంతో విమర్శకుడి పని మొదలవుతుంది. అక్కడితో పూర్తయిందనుకుంటే నవలాచరిత్ర మొదటి అధ్యాయమే మనకు అర్థం కాదు.

ఎందుకంటే ఆ అధ్యాయాన్ని ప్రారంభించినవాళ్లలో ముఖ్యులు వ్యాపారస్తులే. డేనియల్ డీఫో లండన్‌లో మేజోళ్ల టోకు వర్తకుడు. ఇటుకలు, పెంకుల కార్ఖానా కూడా నడిపాడు. 1692లో పదిహేడు వేల పౌన్ల అప్పుతో దివాలా తీశాడు. ఆ తరువాత రాజకీయ కరపత్రాలు రాశాడు, పత్రిక నడిపాడు, జైలుకు వెళ్లాడు. ‘రాబిన్సన్ క్రూసో’ వెలువడింది 1719లో. అప్పటికి ఆయనకు అరవయ్యేళ్లు దగ్గర పడుతున్నాయి. ఇరవయ్యొక్కేళ్ల తరువాత, 1740లో, ‘పమేలా’ రాసిన శామ్యూల్ రిచర్డ్‌సన్ అచ్చాఫీసు యజమాని. ఆయన వయసు యాభై దాటింది. అంటే ఇంగ్లీషు నవల బాల్యమంతా నడివయసు దాటిన వర్తకుల చేతుల్లో గడిచిందన్నమాట. పెట్టుబడిదారీ వర్గం తన యౌవనంలో తన కథ తానే చెప్పుకోవలసి వచ్చింది. రాజుల కథలు చెప్పే భాష ఆ పనికి చాలలేదు. లెక్కల పుస్తకం రాసే భాష పనికి వచ్చింది.

ఆ భాష ఏం చేసిందో చూడండి. నిర్జన ద్వీపంలో చిక్కుకున్న క్రూసో తన మంచి చెడ్డలను జమాఖర్చులలాగా రెండు వరుసల్లో రాసుకుంటాడు. అతను ద్వీపంలో కూడా పద్దులు రాసుకునే మనిషని మార్క్స్ ‘పెట్టుబడి’ గ్రంథంలో చమత్కరించాడు కూడా. కాని ఈ అలవాటుకు మరో ముఖం వుంది. క్రూసో బానిసత్వం నుంచి తప్పించుకున్నప్పుడు వెంట వచ్చిన కుర్రవాడు జూరీ. వాణ్ణి క్రూసో ఒక ఓడ కప్తానుకు అమ్మేస్తాడు. ఎంతకి? అరవై వెండి నాణేలకి. ఓడ పగిలి ద్వీపానికి చేరిన ప్రయాణం దేనికి? ఆఫ్రికా నుంచి బానిసలను తేవటానికి. డీఫో ఈ వ్యాపారాన్ని ఖండించాలని రాయలేదు. తన కథానాయకుణ్ణి దోషిగా నిలబెట్టాలనీ అనుకోలేదు. వర్తకుడి అలవాటు కొద్దీ ధర రాశాడు, అంతే. మూడు వందల ఏళ్ల తరువాత ఆ అరవై నాణేలే పాఠకుడి చేతిలో సాక్ష్యం అయినాయి. ధర దాచి, బానిసల మీద రెండు పుటల జాలి కురిపించి వుంటే మనకు ఈ సాక్ష్యం దొరికేది కాదు.

నడివయసులో కథలోకి వచ్చే వ్యాపారస్తుడి నుంచి సాహిత్యం ఆశించవలసింది ఇదీ అని నేననుకుంటాను. అతనికి ధర తెలుసు. ఆ ధర రాయటమే అతను చేయగల సేవ.

ఇక్కడ మరో కథ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వ్యాపారాన్ని ఒక్కసారిగా విదిలించుకుని కళ వైపు నడిచిపోయిన మహానుభావుడి కథ అది. అమెరికాలో షెర్వుడ్ ఆండర్సన్‌ను గురించి అలా చెబుతారు. ఒహాయో రాష్ట్రంలోని ఎలీరియా వూళ్లో రంగుల కంపెనీ నడుపుతూ, 1912 నవంబరులో ఒకనాడు ఆఫీసు నుంచి లేచి వెళ్లిపోయాడు. అప్పుడు ఆయనకు ముప్ఫయ్యారేళ్లు. నాలుగు రోజుల తరువాత క్లీవ్‌లండ్‌లో మతి చెదిరిన స్థితిలో కనిపించాడు. ఆ సంఘటనను కళాకారుడి తిరుగుబాటుగా తీర్చిదిద్దటంలో ఆయన చేయి కూడా వుంది. వాస్తవమేమిటంటే, తరువాత చాలా ఏళ్లు ఆయన షికాగోలో వాణిజ్య ప్రకటనలు రాసే కొలువు చేసే బతికాడు. ‘వైన్స్‌బర్గ్, ఒహాయో’ 1919లో వచ్చింది. ఆ పుస్తకం గొప్పదనం ఆయన వ్యాపారం వదిలేయటంలో లేదు. చిన్న వూరిలో, కలిసి బతుకుతూ కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేని మనుషులను అంత దగ్గరగా చూడటంలో వుంది. వ్యాపారం మురికి, కళ పవిత్రం అనే భావం మనకు అక్కరలేదు. అది ధనికుడికి ప్రాయశ్చిత్తం చూపిస్తుంది గాని, పాఠకుడికి ఏమీ చూపించదు.

ఇక మన వైపు చూద్దాం. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు పండితులను పోషించాయి. ‘విద్వద్గద్వాల’ అనే పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. పోషణ ఎక్కడి నుంచి వచ్చింది? రైతు కట్టిన శిస్తు నుంచి. ఆధునిక యుగంలో పోషకుడి స్థానంలోకి వర్తకుడు వచ్చాడు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో అమృతాంజనం స్థాపించి, ఆ ఆదాయంతో 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ ప్రారంభించారు. అది జాతికి ఎంత మేలు చేసిందో చెప్పనక్కర లేదు. అయినా మన వర్తకుడు చాలాకాలం కృతిభర్తగా, చందాదారుగా, సభాధ్యక్షుడుగా నిలిచాడే తప్ప, తన దుకాణం కథ తాను రాయలేదు. అరుగు మీద కూర్చుని తక్కెడ పట్టుకున్న మనిషి మన కథల్లో వున్నాడు, కాని బయటివాడు చూసిన మనిషిగా వున్నాడు. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ 1960లలో ఒక అప్పు తగవును కథకంతటికీ ఇరుసు చేసింది. అందులో షావుకారు గోపన్న వున్నాడు. రాసింది మాత్రం ఒక బడిపంతులు.

తెలంగాణంలో అమ్మకం పనిచేస్తూ నడివయసు ముంగిట్లో నవలాకారుడైన మనిషి ఎవరని వెతికితే నాకు కనిపించే అతి దగ్గరి ఉదాహరణ వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయనను వ్యాపారస్తుడనటం న్యాయం కాదని కొందరు అభ్యంతరపెట్టవచ్చును. నిజమే, ఆయన లాభం కోసం అమ్మలేదు. నల్గొండ జిల్లాలో పేద ఇంట్లో పుట్టి, ఇతరుల ఇళ్లలో వంటపని చేసి, హోటల్లో సర్వరుగా వుండి, ‘గోలకొండ పత్రిక’లో ప్రూఫులు దిద్ది, 1938లో ‘దేశోద్ధారక గ్రంథమాల’ స్థాపించాడు. పుస్తకాలు అచ్చువేసి, మోసుకుని, వూరూరా తిరిగి అమ్మాడు. జైళ్లలో మగ్గాడు. ‘ప్రజల మనిషి’ నవల, ‘జైలు లోపల’ కథలు 1950లలో వచ్చాయి. అప్పటికి ఆయన నలభయ్యో ఏడుకు అటూ ఇటూ. ‘గంగు’ పూర్తికాకుండానే 1961లో కన్నుమూశాడు.

అమ్ముకుంటూ తిరగటం ఆయనకు ఏమిచ్చింది? గుమ్మం గుమ్మం ఎక్కినవాడికి ఆ గుమ్మంలో ఎవరు కూర్చుంటారో, ఎవరు నిలబడతారో తెలుస్తుంది. ఎవరు పుస్తకం కొనగలరో, ఎవరు కొని దాచవలసి వస్తుందో తెలుస్తుంది. ‘ప్రజల మనిషి’లో దొర అధికారం, వెట్టి, భూమి కాజేసే తీరు ఉపన్యాసంగా కాక వ్యవహారంగా నడవటానికి ఈ తిరుగుడు కారణమని నా నమ్మకం. ఆయన ప్రూఫులు దిద్దిన పత్రికను 1926లో స్థాపించింది మన గద్వాల సీమవాడే, సురవరం ప్రతాపరెడ్డిగారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనదీ ఆయనే. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల వంశావళిని వదిలి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ వృత్తులతో బతికారు అని వెతికింది. ఆ చూపును కథలోకి తెచ్చే పని ఈ ప్రాంతంలో ఇంకా చాలా మిగిలివుంది.

ఇంతకూ మన ప్రాంతపు వర్తక రచయితలు ఏం రాస్తున్నారు? ఆమధ్య ఒక పెద్దాయన తన కథలు నాకు చూపించారు. చీరల వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. అమ్మ చేతి రొట్టె, పీర్ల పండుగ, వూరి చెరువు, చిన్ననాటి పంతులు. భాష చక్కగా వుంది. కాని పన్నెండు కథల్లో ఒక్క దుకాణం లేదు, ఒక్క మగ్గం లేదు. ఎందుకని అడిగాను. “దుకాణంల ఏం కథుంటది సార్? పొద్దుగాల తెరుసుడు, రాత్రి మూసుడు” అన్నారు.

తరువాత చాయ్ తాగుతూ ఆయనే చెప్పారు. నూలు చీరకు పట్టు అంచూ కొంగూ అతికి నేసే ఒక నేతగాడు, బిడ్డ పెండ్లికని ఒక రాత్రి అడ్వాన్సు అడగటానికి వచ్చాడు. ఇచ్చారు. ఆ నాటి నుంచి చీర చీరకూ మజూరీలో కోత. ఎంత కోశారో, ఎన్ని చీరలకు తీరిందో, తీరకముందే మళ్లీ ఎంత ఇచ్చారో ఆయనకు కంఠతా వుంది. నేతగాడి వేళ్లు వణకటం మొదలైన సంవత్సరం కూడా గుర్తుంది. “ఇది రాయండి” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. “రాస్తే నా కొడుకు మొఖం ఎట్ల చూడాలె సార్? వాడు ఇంకా అదే దుకాణంల కూసుంటుండు” అన్నారు.

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. తనకు అన్నం పెట్టిన పద్ధతికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఒక ముసలాయనను అడుగుతున్నాను. నెల తిరిగేసరికి జీతం అందే నాకు ఆ హక్కు ఎక్కడిది? పైగా మన పక్షం లోపం కూడా ఒప్పుకోవాలి. విద్యార్థిగా వున్నప్పుడు నేను పాలమూరు లేబర్ మీద ఒక కథ రాశాను. అందులో మేస్త్రీ రాక్షసుడు. ఒకప్పుడు ప్రాజెక్టుల మట్టిపనులకు కూలీల గుంపులను తీసుకుపోయిన ఒకాయన అది విని నవ్వి, “మేస్త్రీకి అడ్వాన్సు పైసలు ఎవరిచ్చిండ్రో రాయలేదేంది?” అన్నాడు. నాకు తెలియదు. కంపెనీ నుంచి కంట్రాక్టరుకు, కంట్రాక్టరు నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి కూలీ ఇంటికి దిగివచ్చే ఆ డబ్బు గొలుసు నా కథలో లేదు. ఉన్నదల్లా కోపం. కోపం న్యాయమైనదే కాని, గొలుసు చూపించని కోపం చివరి కొక్కేన్ని మాత్రమే తిడుతుంది.

ఆ గొలుసు తెలిసినవాళ్లు ఈ ప్రాంతంలోనే వున్నారు. గద్వాల పొలాల్లో పత్తివిత్తనం పండించే రైతుకూ కంపెనీకీ మధ్య ఆర్గనైజరు చేతిలో అప్పు ఎలా తిరుగుతుందో ఆర్గనైజరుకు తెలుసు. మార్కెట్ యార్డులో తరుగు ఎలా తీస్తారో, దడ్వాయి కాంటా ఎటు చూస్తుందో అడ్తిదారుకు తెలుసు. వాళ్లు రాయకపోతే ఈ జ్ఞానం వాళ్లతోనే పోతుంది. మనం రాస్తే సగమే రాస్తాం.

కాబట్టి విమర్శకుడు ఇలాంటి పుస్తకం ఎదురైనప్పుడు అడగవలసిన ప్రశ్న “ఇతను ధనికుడా?” అని కాదు. పశ్చాత్తాపం వుందా అనీ కాదు. పశ్చాత్తాపం కూడా కథలో తళుకుగా మారవచ్చును. తక్కెడ రెండో పళ్లెం దగ్గర నిలబడ్డ మనిషి కనిపిస్తున్నాడా? అతనికి ముట్టింది ఎంతో రాశారా? ఈ రెండూ వుంటే రచయిత అభిప్రాయాలు ఏవైనా సరే, ఆ కథ మనది. లేకపోతే ఎంత తియ్యని బాల్యస్మృతి అయినా అది దుకాణం మూసేసి, తలుపు వెనక పాడుకునే పాట.

ఆ పెద్దాయన కాగితాలు తిరిగి తీసుకువెళ్లారు. మళ్లీ రాలేదు. పాత చిట్టాలు మాత్రం అటక మీద దాచే వుంచానని ఆ రోజు వెళుతూ వెళుతూ చెప్పారు.