అతుకు వేయడమూ ఒక విద్యే

2021 జూలై 10న మయామీలో బేస్‌బాల్ ఆట అయిదో ఇన్నింగ్స్‌లో ఉండగా, కుడివైపు గోడ మీదికి దూసుకెళ్తున్న బంతి కోసం అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు రొనాల్డ్ అకూన్యా జూనియర్ గాల్లోకి లేచాడు. బంతి అందలేదు. దిగేటప్పుడు కుడికాలు వంకరగా పడి మోకాలు మడతపడింది. అతనక్కడ కూలబడి ఉండగానే, బంతి కొట్టినవాడు నాలుగు బేసులూ చుట్టి వచ్చేశాడు. లేచి నడవబోయి మళ్లీ కుప్పకూలిన అకూన్యాను బండి మీద బయటికి తీసుకెళ్లారు. లిగమెంటు తెగింది, ఆ ఏటికి ఆట ముగిసింది. 82 ఆటల్లో 24 హోమ్ రన్లు కొట్టిన మనిషి అతను. సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి బ్రేవ్స్ లెక్క 44 గెలుపులు, 45 ఓటములు. అదే జట్టు నవంబరు 2న హ్యూస్టన్‌లో ఆస్ట్రోస్‌ను 7-0తో ఓడించి వరల్డ్ సిరీస్ ఎత్తుకుపోయింది. దీన్ని అద్భుతం అనేవాళ్లే ఎక్కువ. అట్లాంటా అభిమాని మాత్రం ఆ మాట ఒప్పుకోనక్కర్లేదు. చేసినవాడెవరో తెలియనప్పుడు అద్భుతం అంటాం. ఇక్కడ ఎవరు ఏం చేశారో తేదీలతో సహా తెలుసు.

బేస్‌బాల్‌లో గాయమనేది అనుకోని ఆపద కాదు. ఆరు నెలల్లో 162 ఆటలు, దాదాపు రోజూ మైదానమే. ఏప్రిల్‌లో బరిలోకి దిగిన జట్టు అక్టోబరు దాకా అలాగే ఉంటుందని ఎవరూ ఆశపడరు. అందుకే నిబంధనల్లోనే దానికి ఏర్పాటుంది: ఆడే జట్టులో 26 మంది, వాళ్లతో కలిపి ఒప్పందపు జాబితాలో 40 మంది, చిన్న దెబ్బకు 2021లో పది రోజుల జాబితా, పెద్ద దెబ్బకు అరవై రోజులది. అరవై రోజుల జాబితాకు ఎక్కినవాడి స్థానం ఆ నలభైలో ఖాళీ అవుతుంది, అందులోకి కొత్తవాణ్ణి తీసుకోవచ్చు. పిలిస్తే వచ్చేవాళ్లు కింది జట్టులో సిద్ధంగా ఉంటారు. బ్రేవ్స్‌కు ఆ కింది జట్టు ఎక్కడో లేదు, అట్లాంటా శివారులోని గ్విన్నెట్ కౌంటీలోనే ఉంది. సువానీ వైపు కాపురముంటున్న తెలుగువాళ్లకు అది పక్కవీధి ఆట లాంటిది. అదే ఏడాది జనవరిలో సిరాజ్, సుందర్ లాంటి కొత్తవాళ్లతో భారత క్రికెట్ జట్టు బ్రిస్బేన్‌లో గెలిచింది గనుక ఈ సంగతి మనకూ కొత్త కాదు. తేడా ఒక్కటే. టెస్టు సిరీస్ నడుస్తుండగా ఎదుటి జట్టు ఆటగాణ్ణి తెచ్చుకోలేం. బేస్‌బాల్‌లో జూలై నెలాఖరు దాకా తెచ్చుకోవచ్చు. కాబట్టి గాయపడిన జట్టును నిలబెట్టడంలో ఓర్పు ఎంత ఉంటుందో బేరమూ అంతే ఉంటుంది.

ఆ ఏటి జాబితా చూస్తే దిష్టి తగిలిందనిపిస్తుంది. మే 1న క్యాచర్ ట్రావిస్ డార్నోకు బొటనవేలి లిగమెంటు తెగింది. అంతకు ముందు ఏడాది మడమ స్నాయువు తెగిన పిచర్ మైక్ సొరోకాకు, కోలుకుంటున్న దశలో, మామూలుగా నడుస్తుంటేనే అది మళ్లీ తెగింది. అయితే అన్నిటినీ దిష్టి ఖాతాలో వేయడం కుదరదు. యువ పిచర్ ఉవాస్కర్ ఇనోవా చెయ్యి విరిగింది కోపంతో బెంచీని గుద్దినందుకు. మార్సెల్ ఒజునా వేళ్లు విరగడం ప్రమాదమే, కానీ ఆ వెంటనే గృహహింస ఆరోపణల మీద అరెస్టయి ఆటకు దూరమయ్యాడు. దాన్ని గాయాల లెక్కలో కలిపి జాలి అడగడం తప్పు. ఇక్కడ మరో అభ్యంతరమూ ఉంది: ఇన్‌ఫీల్డ్ నలుగురూ, అంటే ఫ్రీమన్, ఆల్బీస్, స్వాన్సన్, రైలీ, తలా 156 ఆటలకు తగ్గకుండా ఆడారు కదా, మరి గాయాల ఏడాది ఎలా అయింది? నిజమే. ఆ నలుగురూ తలా పాతికకు పైగా హోమ్ రన్లు కొట్టకపోతే చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు. ఆ మాటలోనే జవాబు కూడా ఉంది. పెద్ద చిరుగు ఒక్కచోటే పడింది. మొదటి రోజు అవుట్‌ఫీల్డ్‌లో నిలబడ్డ ఒజునా, పాచే, అకూన్యాలలో జూలై మధ్యకు ఒక్కడూ మిగల్లేదు. మొత్తం అవుట్‌ఫీల్డే పోయింది.

జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథోపులస్ పనితనం ఇక్కడే కనిపిస్తుంది. అకూన్యా లాంటివాడు పోతే అకూన్యా లాంటివాణ్ణే తేవాలన్నది మొదట తట్టే ఆలోచన. అంతటివాణ్ణి తేవాలంటే రేపటి జట్టును తాకట్టు పెట్టాలి. ఆయన ఆ ఒక్క పెద్ద చిరుగును నాలుగు చిన్న గుడ్డలతో కప్పాడు. జాక్ పీడర్సన్ జూలై మధ్యలోనే వచ్చాడు. గడువు రోజైన జూలై 30న ఆడమ్ డువాల్, హోర్హే సోలేర్, ఎడ్డీ రొసారియో వచ్చారు. నలుగురూ ఏదో ఒక లోపమున్న సరుకే, అందుకే చవకగా దొరికారు. 2019లో 48 హోమ్ రన్లు కొట్టిన సోలేర్ ఆ వేసవిలో .192 సగటుతో ఈడుస్తున్నాడు. రొసారియో పొట్ట కండరం పట్టేసి తానే గాయాల జాబితాలో ఉన్నాడు. గాయాలతో కుదేలైన జట్టు గాయపడినవాణ్ణే కొనడమేమిటని నవ్వుకున్నవాళ్లుంటే వాళ్లను తప్పుపట్టలేం. అతనికి బదులుగా ఇచ్చిన పాబ్లో సాండోవల్‌ను క్లీవ్‌లాండ్ వచ్చినవాణ్ణి వచ్చినట్టే వదిలేసింది, అంటే ఆ బేరం దాదాపు ఉచితం. డాడ్జర్స్‌తో లీగ్ ఫైనల్‌లో ఆ రొసారియో .560 సగటుతో 14 హిట్లు కొట్టాడు. వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడు సోలేర్.

వీళ్లంతా కిరాయి మనుషులు, వీళ్లను చూసి అట్లాంటా గర్వపడటమేమిటని అడగవచ్చు. గర్వం మనుషుల పుట్టుక గురించి కాదు, ఎంపిక గురించి. అందరికీ తెరిచి ఉన్న సంతలో, అందరూ పక్కన పెట్టిన సరుకులో పనికొచ్చేదేదో కనిపెట్టడం కొనుగోలుదారు కన్ను. ఆ అతుకులను మైదానంలో కుట్టిన మేనేజర్ బ్రయన్ స్నిట్కరేమో 1977 నుంచి ఇదే సంస్థలో ఉన్నవాడు. సీజన్ మొత్తంలో గెలిచింది 88 ఆటలేనన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు వెళ్లిన పది జట్లలో అదే తక్కువ. 91 గెలిచిన టొరంటో, 90 గెలిచిన సియాటెల్ ఇంట్లో కూర్చున్నాయి. బ్రేవ్స్ డివిజన్ నీరసంగా ఉండటం అదృష్టమే, కాదనను. కానీ విరామం తర్వాత లెక్క తీస్తే 44 గెలుపులు, 28 ఓటములు. అక్టోబరులో ఆడింది ఈ రెండో జట్టు. మొత్తం 88లో మొదటి సగం, అప్పటికే లేని జట్టుది.

చార్లీ మోర్టన్ గురించి అందరూ చెప్పుకుంటారు. వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో గంటకు 102 మైళ్ల వేగంతో వచ్చిన బంతి కాలి ఎముక విరగ్గొట్టినా మరో 16 బంతులు వేసి ఆస్ట్రోస్ ఆటగాడు ఆల్టువేను అవుట్ చేసిన మనిషి. గుండె ధైర్యమే, సందేహం లేదు. కానీ విరిగిన కాలితో ఆడటాన్ని ఆదర్శం చేయడం నాకు నచ్చదు. ఆ రాత్రి ఆటను నిలబెట్టింది, ముందస్తు కబురు లేకుండా వచ్చి ఎనిమిది అవుట్లు తీసిన ఎ.జె. మింటర్. లీగ్ ఫైనల్ ఆరో ఆటలో ఎవరూ అవుట్ కాకుండా రెండు, మూడు బేసుల మీద మనుషులుండగా వరసగా ముగ్గురినీ స్ట్రైకవుట్ చేసిన టైలర్ మాట్జెక్ అయితే, బంతి మీద పట్టు పోయి కొన్నేళ్లు మేజర్ లీగుకే దూరమై, టెక్సస్‌లో ఓ చిన్న స్వతంత్ర లీగ్ జట్టుకు ఆడి తిరిగొచ్చినవాడు. నాలుగో ఆటను మొదలుపెట్టడానికి అలవాటైన పిచరే మిగల్లేదు. డిలన్ లీని దింపారు. పెద్ద లీగులో తన మొట్టమొదటి స్టార్ట్‌ను వరల్డ్ సిరీస్‌లో వేసినవాడు అతనికి ముందు చరిత్రలో లేడు. ఒక్క అవుట్ తీసి, మూడు బేసులూ నిండి ఉండగా వెళ్లిపోయాడు. వచ్చినవాడు కైల్ రైట్. ఆ సీజన్ అంతా గ్విన్నెట్‌లోనే, పై జట్టుకు ఆడింది రెండే ఆటలు. అలాంటివాడు ఆ నిప్పుల మీద నిలబడి, నాలుగున్నర ఇన్నింగ్స్‌కు పైగా వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. ఏడో ఇన్నింగ్స్‌లో స్వాన్సన్, సోలేర్ వెంటవెంటనే బంతిని గోడ దాటించారు. 3-2తో ఆట అట్లాంటాదయింది.

చూస్తూ కూర్చున్న అభిమానికి ఇందులో వాటా ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. గెలుపులో వాటా లేదు. కానీ సీజన్ పొడవునా ఆటలు చూసినవాడికే అక్టోబరులో రైట్ ఎవరో తెలుస్తుంది. టీవీ పెట్టి ఫైనల్ మాత్రమే చూసినవాడికి అతనో కొత్త ముఖం. గెలుపుకు పూచీ మాత్రం ఎప్పుడూ లేదు: 2023లో ఇదే బ్రేవ్స్ 104 ఆటలు గెలిచింది, 307 హోమ్ రన్లు కొట్టింది, అకూన్యా లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అయినా ఫిలడెల్ఫియా చేతిలో ప్లేఆఫ్స్ మొదటి సిరీస్‌లోనే ఓడి ఇంటికొచ్చేసింది. రైట్ సంగతంటారా, 2022లో 21 గెలుపులతో మేజర్ లీగులన్నిటికీ ముందు నిలిచాడు. ఆ మరుసటి ఏడాది భుజం మొరాయించి అతనూ గాయాల జాబితాకెక్కాడు. అతని చోటికి గ్విన్నెట్ నుంచి కుర్రవాళ్లను పిలిపించారు.