పెట్టుబడికి అడ్డం 1/70 యేనా?

ఏజెన్సీకి కంపెనీలు రావాలంటే 1/70 చట్టాన్ని సడలించాలనే మాట మనం చాలాకాలంగా వింటున్నదే. 2025 జనవరిలో విశాఖపట్నంలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. అక్కడ శాసనసభ స్పీకర్ చింతకాయల అయ్యన్నపాత్రుడు ఆ అర్థం వచ్చేలా మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ పాటించింది. చట్టాన్ని తీసేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. బంద్‌తో ఆ ప్రకటన వెనక్కి పోయింది గాని, దాని వెనకున్న వాదం మాత్రం అలాగే ఉంది. చదువుకున్న మన పిల్లల్లో కూడా కొందరు "నిజమే కదా, కంపెనీ రాకపోతే ఉద్యోగం ఎట్లా?" అంటున్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఆ వాదాన్ని విప్పి చూడాలి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను శ్రీకాకుళ పోరాటం రోజుల్లో, 1970లో సవరించారు. అదే 1/70. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి కూడా మారకూడదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అతనిదే. ఇందులో ఫ్యాక్టరీ పెట్టొద్దని ఎక్కడా లేదు. వ్యాపారం చెయ్యొద్దని లేదు. పంట కొనొద్దని లేదు. భూమి చేతులు మారకూడదని మాత్రమే ఉంది. "పెట్టుబడికి అడ్డం" అన్నప్పుడు వాళ్లు అడ్డమంటున్నది ఈ ఒక్కదాన్నే. అంటే వాళ్లు పెట్టుబడి అనే మాట వాడినా, మనసులో ఉన్నది భూమి.

1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు దీన్ని ఇంకా తేటపరిచింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజుల మీద నడిచిన కేసు అది. ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక "వ్యక్తే" కాబట్టి, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. అయితే అన్ని దారులూ మూయలేదు. ప్రభుత్వ సంస్థలకూ గిరిజనుల సహకార సంఘాలకూ దారి వదిలింది. నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా చెప్పింది. చట్టం వల్ల అభివృద్ధి ఆగిపోయిందనేవాళ్లు ఈ తీర్పులో కంపెనీలకు నచ్చని భాగమే చెబుతారు. ఈ 20 శాతం సంగతి ఎత్తరు.

ఇక అనుభవానికి వద్దాం. ఒక కంపెనీని నిజంగా ఆకర్షించి తెచ్చిన కథ మన కళ్లెదుటే ఉంది. విశాఖ మన్యంలోని బాక్సైట్ చూపించి 2007లో రాష్ట్ర ప్రభుత్వం రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. దాని ఫలితంగా నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో అన్‌రాక్ అల్యూమినియం శుద్ధి కర్మాగారం లేచింది. దానికి కావలసిన ఖనిజం చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో ఉంది. ఆ కొండల కింద బతికేవాళ్లు వద్దన్నారు. 2015లో జీవో 97 ఇచ్చి 1,212 హెక్టార్ల అడవిని తవ్వకాలకు కేటాయిస్తే మన్యం మండిపోయింది. 2019లో ఆ జీవో రద్దయింది. కర్మాగారానికి మన్యం ఖనిజం అందలేదు. విదేశీ భాగస్వామి మధ్యవర్తిత్వ న్యాయానికి వెళ్లింది.

ఇందులో నష్టం ఎవరి వల్ల వచ్చింది? 1/70 వచ్చి అప్పటికి ముప్పై ఏడేళ్లు. సమత తీర్పు వచ్చి పదేళ్లు. పీసా చట్టం వచ్చి పదకొండేళ్లు. ఇవన్నీ కాగితం మీద ఉండగానే, కొండ ఎవరిదో వాళ్లను అడక్కుండా, ఇస్తామని పైవాళ్లు మాటిచ్చారు. ఇంటాయనకు చెప్పకుండా ఇల్లు బేరం పెట్టినట్టు. బేరం చెడితే తప్పు ఇంటాయనదా? పెట్టుబడి పెట్టేవాడి లాభం మాత్రమే చూసుకున్నా, ముందు గ్రామసభను అడగడమే చవక. ఆ సంగతి చెప్పకుండా చట్టాన్ని దోషిగా నిలబెడుతున్నారు.

రెండో మాట ఉద్యోగాలు. ఏ ఉద్యోగాలు, ఎన్ని, ఎవరికి? శుద్ధి కర్మాగారానికి కావలసింది శిక్షణ పొందిన కార్మికులు. ఆ శిక్షణ పాడేరులోనో చింతపల్లిలోనో ముందు మొదలైతే నమ్మొచ్చు. శిక్షణ లేకుండా "స్థానికులకే ప్రాధాన్యం" అంటే కాపలా పని, మట్టి పని. పైగా మన టీచర్లకు ఒక చేదు అనుభవం ఉంది. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని బదులు కోర్టులో నిలిచే చట్టం కోసం మనం అడుగుతూనే ఉన్నాం. సర్కారు బడిలోని మన ఉద్యోగానికే పూచీ లేనప్పుడు, ఇంకా రాని కంపెనీలో ఉద్యోగానికి ఎవరు పూచీ?

అయితే కంపెనీలంటే ఏవీ వద్దా? ఈ ప్రశ్నకు అరకు కాఫీ జవాబు చెబుతోంది. లక్ష ఎకరాలకు పైగా కాఫీ తోటలు గిరిజన కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. నీడ కోసం అడవి చెట్లు నిలిచాయి. మిరియం తీగలు పాకాయి. గిరిజన సహకార సంస్థ కొంటోంది, ప్రైవేటు కొనుగోలుదారులూ వస్తున్నారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. ఇన్ని జరగడానికి 1/70లో ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు. కంపెనీ రావడం వేరు, కంపెనీకి భూమి పోవడం వేరు. ఈ తేడా మన పిల్లలకు తెలియాలి.

కాఫీలో అంతా బాగుందని కాదు. పండు కోసి అమ్మేసే రైతుకు దక్కేది చిన్న ముక్క. ఎండబెట్టడం, వేయించడం, పొట్లం కట్టి పేరు వేయడం దాకా పోయినకొద్దీ డబ్బు పెరుగుతుంది. ఆ పనులు మన సంఘాల చేతికి రావాలి. ప్రభుత్వం నిజంగా పెట్టుబడిని ఆకర్షించాలనుకుంటే, ఆ యంత్రాలకు, ఆ శిక్షణకు, కొండదారులకు తెమ్మని అడుగుదాం.

మనవైపు లోపాన్ని కూడా దాచకూడదు. అరకు, లంబసింగి దారుల్లో కొన్ని లాడ్జీల కాగితం మీద మనవాడి పేరు, గల్లాపెట్టె దగ్గర మైదానం షావుకారు. సంతకం పెట్టినవాడికి కొంత సొమ్ము, ఆపైన కాపలా జీతం. బయట 1/70 జిందాబాద్ అంటూ లోపల బినామీకి సంతకం పెడితే, చట్టాన్ని సదస్సులో ఎవరూ సడలించనక్కర్లేదు, మనమే సడలించేసినట్టు.

టీచర్లకు ఒక మనవి. పై తరగతి పిల్లలతో 1/70, సమత తీర్పు, పీసా చదివించండి. ఊరికి ఏ ప్రాజెక్టు పేరు వినిపించినా నాలుగు ప్రశ్నలు రాయించండి: భూమి ఎవరి పేరున ఉంటుంది? గ్రామసభను ఎప్పుడు అడిగారు? లాభంలో ఊరి వాటా ఎంత, ఎవరి చేతికి వస్తుంది? శిక్షణ ఏ నెలలో మొదలవుతుంది? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. కాబట్టి ఇవి అడగడానికి ఎవరి దయా అక్కర్లేదు. ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు తెచ్చిన కంపెనీని కూర్చోబెట్టి మాట్లాడదాం. జవాబు లేనివాళ్లు చట్టం మార్చమని అడుగుతూనే ఉంటారు. వాళ్లకు గ్రామసభ తీర్మానమే మన జవాబు.