పిడికిలిలో ఇమిడే తుపాకీ

కోటప్పకొండ తిరునాళ్లలో బుడగలు పేల్చే అంగడి దగ్గర కాసేపు నిలబడితే, తుపాకీ గురించి జనంలో ఉన్న నమ్మకాలన్నీ వరసగా కళ్లముందుకొస్తాయి. చెక్కకు గుచ్చిన రంగు బుడగలు, నాలుగడుగుల అవతల బల్ల, దాని మీద ఓ పాత ఎయిర్ రైఫిలు. ప్రభ కట్టుకుని వచ్చిన కుర్రాళ్లు, చంటిపిల్లను చంకనేసుకున్న తండ్రులు, కొత్తగా పెళ్లయిన జంటలు, అందరూ ఓ చేయి వేస్తారు. రైఫిలుతో ఎవరైనా సగం బుడగలు పేలుస్తారు. కొన్ని అంగళ్లలో పిస్టలు కూడా ఉంటుంది. రైఫిలుతో వరసపెట్టి పేల్చినవాడే పిస్టలు పట్టేసరికి చెక్కను కొడతాడు, గుడ్డను కొడతాడు, బుడగ మాత్రం అలాగే ఊగుతూ ఉంటుంది. "దీని గురి బాగాలేదు" అంటూ బల్ల మీద పెట్టేస్తాడు.

ఆ మాటలో కొంత నిజముంది. ఊరూరా తిరిగి అరిగిపోయిన తుపాకులవి. గురి చూసే సైట్లు కదిలిపోయి ఉంటాయి. కానీ అసలు కారణం వేరు. రైఫిలుకు భుజం ఆనుతుంది, చెంప ఆనుతుంది, రెండు చేతులు ఆనుతాయి. పిస్టలుకు ఉన్న ఆధారం మణికట్టు ఒక్కటే. తుపాకీ ఎంత చిన్నదైతే ఆ మణికట్టు మీద అంత భారం పడుతుంది. చాలా ఏళ్లుగా ఎయిర్ పిస్టలు సాధన చేస్తున్నవాణ్ణి కాబట్టి ఈ వారం ఈ సంగతే రాయాలనిపించింది. రాయడానికి కారణమైంది మాత్రం ఆ అంగడి దగ్గరే కలిసిన, మాకు తెలిసినవాళ్ల అబ్బాయి.

అతను మిర్చి వ్యాపారం చేస్తాడు. గుంటూరు యార్డు నుంచి డబ్బుతో రాత్రిపూట నరసరావుపేట వైపు వస్తుంటాడు. "బాబాయ్, లైసెన్సు పెట్టుకుని జేబులో పట్టేది ఒకటి కొనుక్కుందామనుకుంటున్నా. ఫోన్లో చూశా, పైనొక గొట్టం, కిందొక గొట్టం, అరచేతిలో దాక్కుంటది. రేటు కూడా తక్కువేనంట" అన్నాడు. అతను చూసింది డెరింజరు.

ఆ అబ్బాయి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. పల్నాడులో భయానికి కారణాలు బయట నుంచి తెచ్చుకోనక్కర్లేదు. 2024 మే 13న పోలింగ్ రోజు మొదలైన కొట్లాటలకు ఈ జిల్లాలో 144 సెక్షన్ పెట్టాల్సొచ్చింది. మాచర్ల, గురజాల వైపు ఊళ్లలో సాయంత్రమైతే తలుపులు వేసుకుని కూర్చున్న కుటుంబాలు ఎన్నో. అలాంటి చోట ఒక మనిషి తనను తాను ఎలా కాపాడుకోవాలా అని ఆలోచించడం న్యాయమే. అయితే ఎంచుకున్న వస్తువు అతన్ని కాపాడుతుందా అన్నదే ప్రశ్న.

డెరింజరు అమెరికాలో పుట్టింది. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల తయారీదారు చేసిన చిన్న పిస్టళ్ల నుంచి ఆ పేరు వచ్చింది. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్లో జాన్ విల్క్స్ బూత్ అబ్రహాం లింకన్‌ను కాల్చింది అలాంటి దానితోనే. ఒక్క తూటా పట్టే పిస్టలు. బూత్ వెనక నుంచి వచ్చి, తలకు దాదాపు ఆనించినంత దగ్గరగా పేల్చాడు. గురి చూడాల్సిన పనే లేదు. ఆ తర్వాత జరిగింది ఇంకా గమనించదగ్గది. పక్కనే ఉన్న మేజర్ రాత్‌బోన్ తన మీద పడగానే బూత్ చేతిలోని పిస్టలు ఎందుకూ పనికిరాలేదు. దాన్ని వదిలేసి కత్తి తీసి పొడిచి తప్పించుకున్నాడు. ఏమరుపాటున ఉన్న మనిషిని చంపడానికి ఆ పిస్టలు సరిపోయింది. ఎదురుతిరిగిన మనిషి నుంచి తనను కాపాడుకోవడానికి బూత్‌కు అది అక్కరకు రాలేదు.

మన అబ్బాయి చూసిన రెండు గొట్టాల రకం రెమింగ్టన్ కంపెనీది. 1866 నుంచి 1935 వరకూ అది తయారైంది. పేకాటరాయుళ్లు, వ్యాపారులు, ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్లు దాన్ని దాచుకునేవాళ్లని చెబుతారు. గొట్టం పొడవు మూడంగుళాలు. దాని తూటా సెకనుకు 130 మీటర్ల వేగంతో వెళ్లేది. ఈనాటి పోటీల ఎయిర్ పిస్టలు గుండు అంతకన్నా వేగంగా పోతుంది. తూటా బరువు ఎక్కువ కాబట్టి దగ్గర్లో ప్రాణం తీయగలదు, నిజమే. దూరం పెరిగేకొద్దీ మాత్రం దాని మీద ఆశ పెట్టుకోలేం.

గురి ఎందుకు తప్పుతుందో కాస్త లెక్కతో చెప్తాను. పిస్టలు మీద ముందొక సైటు, వెనకొక సైటు ఉంటాయి. రెండింటినీ కలిపి చూస్తేనే గొట్టం ఎటు చూస్తోందో తెలుస్తుంది. పొలంలో చాలు తిన్నగా రావాలంటే రైతు ఈ గట్టున ఒక పుల్ల, ఆ గట్టున ఒక పుల్ల గుచ్చుకుంటాడు. రెండు పుల్లలూ జానెడు దూరంలో గుచ్చి అరక కడితే, చాలు ఎటు పోతుందో చెప్పలేం. నేను సాధన చేసే ఎయిర్ పిస్టలులో రెండు సైట్ల మధ్య దాదాపు 32 సెంటీమీటర్లు. అందులో ముందు సైటు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే ఐదు మీటర్ల దూరంలో గుండు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు తప్పుతుంది. డెరింజరులో రెండు సైట్ల మధ్య ఐదు సెంటీమీటర్లు అనుకుందాం. అదే ఒక మిల్లీమీటరు తేడాకు అదే ఐదు మీటర్లలో పది సెంటీమీటర్లు తప్పుతుంది. పది మీటర్లలో ఇరవై. భయంతో వణికే చేతిలో సైటు ఒక్క మిల్లీమీటరుతో ఆగదు. పైగా చాలా డెరింజర్ల మీద సైట్లంటే చిన్న బొడిపె, చిన్న గాడి, అంతే. చీకట్లో అవి కనిపించవు. రెండు గొట్టాలకూ కలిపి ఒకే జత సైట్లు కాబట్టి పై గొట్టం ఒక చోట, కింద గొట్టం ఇంకోచోట తగలడం కూడా మామూలే.

ట్రిగ్గరు సంగతి ఇంకా ముఖ్యం. పది మీటర్ల పోటీలో ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువు మోయాలని నియమం. మా పిస్టళ్లు కిలోకు అటూ ఇటూ ఉంటాయి. అంటే తుపాకీ బరువులో సగం ఒత్తిడితో అది పేలుతుంది. అయినా కూడా వేలు నొక్కేటప్పుడు ముందు సైటు కదలకుండా ఉంచడానికి ఏళ్లు పడుతుంది. లక్ష్యం మధ్యలోని పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. దాన్ని నిలకడగా కొట్టాలంటే శ్వాస, భుజం, నడుము, పాదాలు అన్నీ కుదరాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్టలుతో నాలుగు పతకాలు గెలిచిందంటే చిన్నప్పటి నుంచి రోజూ చేయి చాచి నిలబడ్డ ఫలితమది. ఇక డెరింజరు బరువు మూడొందల గ్రాముల దగ్గర్లో ఉంటుంది. చవకరకాల ట్రిగ్గరు లాగడానికి అంతకు ఎన్నో రెట్ల బలం కావాలి. వేలు బిగించగానే తేలికపాటి తుపాకీ మొత్తం వేలితో పాటు తిరిగిపోతుంది. పట్టుకోవడానికి పిడి సరిగా ఉండదు, రెండు వేళ్లకే చోటు. పేలగానే అరచేతిలో ఎగిరిపడుతుంది. రెండో తూటాకు మళ్లీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాలి, మళ్లీ పట్టు సరిచూసుకోవాలి. ఆ రెండూ అయిపోతే ఖాళీ గొట్టాలే మిగులుతాయి.

ఇవన్నీ చేయడానికి సమయం ఎంత? 1983లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ ఒక లెక్క చూపించాడు. కత్తి పట్టుకున్న మనిషి ఇరవై ఒక్క అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. నడుముకు కట్టిన తుపాకీ తీసి పేల్చడానికి శిక్షణ పొందిన పోలీసుకు పట్టే సమయం కూడా దాదాపు అంతే. ప్యాంటు జేబులో, రుమాలు, తాళాల మధ్య ఉన్న దాన్ని బండి మీద కూర్చుని తీయాలంటే? మన దగ్గర దాడులు ఒక్కడితో జరగవు. బండికి అడ్డంగా ఇద్దరు, వెనక ఇంకో ఇద్దరు. వేటకొడవళ్లో, నాటుబాంబులో ఉంటాయి. వాళ్ల ముందు రెండు తూటాలు.

డెరింజరుకు ఒక ప్రయోజనం ఉందని ఒప్పుకోవాలి. చేతికందే దూరంలో, ఒకడే ఉంటే, అతను ఊహించకపోతే, అది పనిచేస్తుంది. శరీరబలం లేని మనిషికి ఇంక దారి లేనప్పుడు ఆఖరి ఆసరా కావచ్చు. అంత ఇరుకైన సందర్భం కోసం ఏడాది పొడవునా జేబులో ప్రాణాంతకమైన వస్తువు మోయాలా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి. నా మట్టుకు నేను వద్దనే అంటాను.

"రేటు తక్కువ" అన్న మాట దగ్గర నాకు ఎక్కువ ఆందోళన కలిగింది. మన దేశంలో చట్టబద్ధంగా దొరికే చిన్న తుపాకీ చవక కాదు. ఆడవాళ్ల కోసమని 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చిన నిర్భీక్ పాయింట్ 32 రివాల్వరు బరువు అరకిలో, అప్పట్లో దాని ధర లక్షా ఇరవై రెండు వేలకు పైనే. తర్వాత ఇషాపూర్ నుంచి వచ్చిన నిడర్ అనే పాయింట్ 22 రివాల్వరు పావుకిలో, వచ్చినప్పుడు దాని ధర 35 వేల దరిదాపు. లైసెన్సు కావాలంటే నరసరావుపేటలో కలెక్టరు కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి, పోలీసు విచారణ ఉంటుంది, తుపాకీ వాడకం మీద శిక్షణ పొందినట్టు కాగితం చూపించాలి. అంతకన్నా చవకగా దొరికేదంతా దొంగసరుకే. ఉత్తరాది నుంచి రహస్యంగా వచ్చే నాటు పిస్టలులో గొట్టం లోపల తూటాను తిప్పే గాడులు ఉండవు, ఇనుము నాణ్యత ఎవరికీ తెలియదు. అది ఎదుటివాడి మీద పేలుతుందో పట్టుకున్నవాడి వేళ్లలో పేలుతుందో చెప్పలేం. దగ్గర ఉన్నందుకే జైలు.

లైసెన్సు తీసుకున్నా ఇంకో చిక్కుంది. ఎన్నికల షెడ్యూలు రాగానే లైసెన్సు తుపాకులను స్టేషన్లో అప్పగించమని పోలీసులు అడుగుతారు. పల్నాడులో మనిషి ఎక్కువగా భయపడే రోజులే అవి. ఆ రోజుల్లో అతని జేబు ఖాళీగానే ఉంటుంది. నా దృష్టిలో ఆ నియమం సరైనదే. ఊరందరి చేతుల్లో తుపాకులుంటే 2024 మే నెల ఎలా గడిచేదో ఊహించడానికే మనసొప్పదు.

కోటప్పకొండ దగ్గర మొదలైన మాట కాబట్టి 1909 గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? ఆ ఏడు శివరాత్రి తిరునాళ్లలో జనానికీ పోలీసులకూ గొడవ ముదిరి పోలీసులు కాల్పులు జరిపారు. దేవుణ్ణి చూడటానికి వచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ గొడవ కేసులో నిందితుడైన చిన్నపరెడ్డి అనే ఆయన్ను ఉరితీశారు. ఆయన మీద కట్టిన పాటలు ఈ ప్రాంతంలో తరాల పాటు పాడుకున్నారు. జనం కిక్కిరిసిన చోట గురి తప్పిన తూటా నేలలోకి పోదు, ఎవరో ఒకరికి తగులుతుంది. ఐదు మీటర్లలో పది సెంటీమీటర్లు తప్పే వస్తువుతో యల్లమంద రోడ్డు మీదో, నరసరావుపేట బస్టాండులోనో పేల్చితే ఆ తూటాకు బాధ్యులెవరు? ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదన్న హద్దు కూడా అందులోనే ఉంది. పక్కన నడుస్తున్న మనిషికి తగిలితే ఆ హక్కు ఎంతవరకు అండగా నిలుస్తుందో కోర్టుల చుట్టూ తిరిగి తెలుసుకోవాలి.

ఇదంతా అంగడి పక్కన నిలబడి చెప్పలేదు. ఆ తర్వాత అతను ఇంటికి వచ్చినప్పుడు తీరిగ్గా మాట్లాడుకున్నాం. ముందు నేను చెప్పింది డబ్బు గురించి. యార్డు లెక్క బ్యాంకు ఖాతాలో పడేలా చేసుకోగలిగితే రాత్రి బండి మీద సంచీ ఉండదు. తప్పనిసరైతే పగలే రావాలి, ఇద్దరు రావాలి, ఒకే దారిలో ఒకే వేళకు రాకూడదు. 112 నంబరు వేలికి అందేలా పెట్టుకోవాలి. రెండోది కర్రసాము. ప్రభల ముందు కర్ర తిప్పే పెద్దవాళ్లు మన పక్క ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఐదడుగుల కర్ర ఎదుటివాణ్ణి చేతికందని దూరంలో ఆపుతుంది, తూటాలు అయిపోవడమంటూ లేదు, దారినపోయేవాడికి ప్రమాదం లేదు. కాళ్లు కదపడం, దూరం అంచనా వేయడం, కంగారులో ఊపిరి పట్టు తప్పకపోవడం దానితోనే వస్తాయి. అవి వచ్చినవాడు సగం గొడవల్లోంచి ముందే పక్కకు తప్పుకోగలడు.

అతనికి తుపాకీ మీద మోజు పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు, ఆ మోజుకు మంచి దారి ఉంది కాబట్టి. పాయింట్ 177 బోరు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టలుకు లైసెన్సు అక్కర్లేదు. తెల్లటి ఖాళీ గోడ ముందు నిలబడి, చేయి చాచి, ముందు సైటు మీదే చూపు నిలిపి, అది కదలకుండా ట్రిగ్గరు నొక్కడం మొదటి పాఠం. గోడ మీద గుర్తు ఏమీ ఉండకూడదు. గుర్తుంటే కన్ను దాని వెంట పోతుంది. స్ప్రింగు రకమైతే ఉత్తినే పేల్చకూడదు, లోపలి పిస్టను దెబ్బతింటుంది కాబట్టి నా పాతదాన్ని ఇస్తానన్నాను. గాలి నింపే రకం అది, గుండు లేకుండా ట్రిగ్గరు సాధన చేయడానికి వీలుంటుంది. ఆదివారం పొద్దున్నే రమ్మన్నాను. మొదటి నెల గుండ్లు ఇవ్వనని కూడా చెప్పాను.