మస్కట్ ఇళ్ళలో తెలుగు కథ: బాలల పుస్తకాలపై ఒక విమర్శ

పిల్లలకు అక్షరాలు నేర్పడం వేరు, చదువుమీద ప్రీతి కలిగించడం వేరు. మొదటి పని బడి చేయగలదు. రెండవది ఇల్లే చేయాలి. ఒమన్ దేశంలో, ముఖ్యంగా మస్కట్‌లోని రువీ, వాదీ కబీర్, ఘుబ్రా వంటి పేటల్లో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు తమ పసివారికి ఇవ్వగల తెలుగు పుస్తకాలు ఎటువంటివో, వాటిలో ఏవి ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోదగినవో ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ఒమన్ సంగతి మలేసియా తెలుగువారికెందుకని పాఠకులు అడగవచ్చు. మన తాతలు రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ కూలికి వచ్చినవారు. మాట వదలలేదు, పాట వదలలేదు, ఉగాది పచ్చడి వదలలేదు. కొన్ని తోటల్లో తెలుగు బడులు నడిచాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘం వెలసింది. అయినా నేడు మనలో తెలుగు మాట్లాడేవారికన్నా చదవగలిగినవారు తక్కువ. బడులు మూతపడడం, తోటలు చెదిరిపోవడం ఇందుకు పెద్ద కారణాలు. మరొక కారణం కూడా ఉన్నదని మా అభిప్రాయం. చాలా ఇళ్ళలో తెలుగు పుస్తకమంటే గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టిన రామాయణమే. దానికి మొక్కాము, పిల్లవాడు నవ్వుకుంటూ విప్పుకొనే పుస్తకం మాత్రం దాని పక్కన లేకపోయింది. ఒమన్‌లో పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఆ స్థితి రాకూడదు.

ముందుగా వాచకాల మాట. పెద్ద బాలశిక్ష గొప్ప పుస్తకమే, కాదనము. కాని అది నేర్పే పుస్తకం, ఒళ్ళో కూర్చోబెట్టుకొని చదివే పుస్తకం కాదు. బడిలో ఇంగ్లీషు, మెట్లమీద హిందీ, మలయాళం వినే ఐదేళ్ళ పిల్లకు సాయంత్రంపూట గుణింతాలు అప్పగించమంటే తెలుగు ఇంకొక హోంవర్కు అవుతుంది. నీతికథల పుస్తకాలది ఇంకొక దోషం. కథ చివర ‘నీతి’ అని గీత గీసి చెప్పేసరికి పిల్లకు ఆలోచించే పని మిగలదు.

1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డిగారలు ప్రారంభించిన ‘చందమామ’ ఈ దోషాన్ని చాలావరకు తప్పించుకొన్నది. కొడవటిగంటి కుటుంబరావుగారి చేతిలో దాని వాక్యం తేటపడింది. తాత మొదలు మనుమడి దాకా ఒకే పత్రికకోసం ఎదురుచూశారంటే అతిశయోక్తి కాదు. బేతాళకథల సొగసు చూడండి: కథ ముగిసేచోట ప్రశ్న పుడుతుంది. అక్కడ ఆగి, విక్రమార్కుడికంటే ముందు పిల్లవాడిని జవాబు చెప్పమంటే ఇల్లంతా వాదనలో పడుతుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ‘చందమామ’ అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది. రాజులు, మంత్రులు, జమీందారుల ఆ లోకం, నిండుగా అచ్చయిన ఆ పేజీ నేటి మస్కట్ పసివాడు తనంతట తాను చదువుకోలేడు. అది పెద్దలు చదివి వినిపించవలసిన పత్రిక. ముళ్ళపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ కూడా అంతే. పెద్దలు నవ్వితే పిల్లలు ఎందుకని అడుగుతారు. అక్కడినుంచి కబుర్లు మొదలవుతాయి.

పిల్లలు స్వయంగా చదువుకోవడానికి మంచి పుస్తకం వారు తెచ్చిన చిన్న బొమ్మల పుస్తకాలు మేలైనవి. ఒకనాటి సోవియట్ బాలసాహిత్యాన్ని వారు మళ్ళీ అందుబాటులోకి తెచ్చారు. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. దూరదేశంలో ఉన్నవారికి ఇది పెద్ద సౌకర్యం. కాని అనువాదాలు కొన్నిచోట్ల కృతకంగా ఉంటున్నాయి. తల్లి నోట పలకని వాక్యం పిల్ల చెవికి ఎక్కదు. అటువంటిచోట తల్లి తన ఊరి మాటలో మార్చి చదవడమే మేలు.

ఒక లోటు కూడా చెప్పాలి. మేము చూసిన తెలుగు బాలల పుస్తకాల్లో ఒమన్ పిల్లవాడు తన కళ్ళతో చూసే కొండలు, ఖర్జూరపు చెట్లు, సముద్రం కనిపించలేదు. కథలకు అక్కడ కొరత లేదు. సూర్ పట్నంలో మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి కట్టిన ‘సోహార్’ ఓడ 1980 నవంబరులో మస్కట్‌నుంచి బయలుదేరి 1981 జూలైలో చైనాలోని కాంటన్ చేరింది. సింద్‌బాద్ కథల దారి వెతుకుతూ సాగిన యాత్ర అది. ఆ ఓడను అల్ బుస్తాన్ దగ్గర కూడలిలో నిలిపారు. గురువారం రాత్రి ఇంట్లో సింద్‌బాద్ కథ చదివి, శుక్రవారం పిల్లలకు ఆ ఓడ చూపిస్తే పుస్తకం లోకంలోకి నడిచివచ్చినట్లే. ఆ ఓడ కథను తెలుగులో రాయగలవారు ఒమన్‌లోనే ఉంటారు. రాయాలని మా కోరిక.

జీతం చాలక కుటుంబాన్ని వెంట తెచ్చుకోలేని తండ్రులు, పిల్లలను ఊళ్ళో అమ్మమ్మల దగ్గర వదిలివచ్చిన తల్లులు కూడా ఒమన్‌లో ఉన్నారు. కథ చదివి గొంతు రికార్డు చేసి ఫోన్లో పంపడానికి పది నిమిషాలు చాలు. డబ్బుతోపాటు ఆ గొంతు కూడా ఇంటికి చేరాలి.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. రోజుకు ఒక కథ చాలు. తప్పు చదివితే కోప్పడవద్దు. కథ చివర పరీక్ష పెట్టవద్దు. మీరూ నవ్వండి. పిల్లలు ‘ఇంకొకటి’ అని అడిగిన రోజున, ఆ ఇంట తెలుగు నిలబడినట్లే.